లావు అక్షరాలు చూస్తే చాలు

టవర్ బాబాయి నోరు తెరిచాడంటే టీకొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోవాల్సిందే. ఆ వీధిలో ఎవరు ఏ ఫోన్ కొనాలో, అందులో ఏ మెయిల్ పెట్టుకోవాలో తేల్చేది ఆయనే. పది ఇళ్లకు పది అడ్రసులు, పది పాస్‌వర్డులు ఎవడు గుర్తుపెట్టుకుంటాడని, తన మెయిల్ అడ్రసే అందరి ఫోన్లలోనూ పెట్టేశాడు. వీధి మొత్తానికీ ఒకటే ఉత్తరాల డబ్బా అన్నమాట. లావు అక్షరాల్లో ఉంటే కొత్తది, తెరిచి చూసుకోవచ్చు. సన్న అక్షరాల్లో ఉంటే ఎవరిదో వాళ్లు చదివేసుకున్నది. పరాయివాళ్ల ఉత్తరాలు ముట్టుకోవడం మర్యాద కాదని రూలు కూడా ఆయనే పెట్టాడు.

టైలరమ్మ ఆ రూలును తు.చ. తప్పకుండా పాటించింది. ఆరు నెలలుగా లావు అక్షరాల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది. చనిపోయిన అమ్మ కుట్టు మిషన్ ఎవరికి చెందాలన్న దగ్గర అక్కచెల్లెళ్లకు మాటా మాటా పెరిగింది. ఐదో నెల కడుపుతో ఉన్న చెల్లెలు చెప్పాపెట్టకుండా మొగుడి వెంట గని క్యాంపుకు వెళ్లిపోయింది. అక్కడ ఫోన్ మాట అందదు, మెయిల్ అయితే పోతుందట. మిషన్ నువ్వే తీసుకో, ఎలా ఉన్నావో ఒక్క ముక్క రాయి అని ఈవిడ పంపింది. ఉలుకూ పలుకూ లేదు. నెలలు నిండి, ఆ పైన నెల దాటింది. కాన్పయిందో లేదో, తల్లీబిడ్డా ఎలా ఉన్నారో తెలియక ఈవిడ చొక్కాలకు చేతులు తిరగేసి కుడుతోంది. ఆ భయమంతా కోపమైంది. దానికి ఇంత పొగరా అని చెల్లెల్ని తిట్టని పూట లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఫోన్ తెచ్చి టీకొట్టు బల్ల మీద పడేసింది. ఇందులోకి మెయిల్ రాదేం, వేరే మెయిలన్నా పెట్టు, వేరే ఫోనన్నా చెప్పు అని బాబాయిని నిలదీసింది.

"ఆ ఫోన్ని మాత్రం ఏమీ అనకమ్మా, నేను ఏరి తెచ్చింది," అన్నాడు బాబాయి తాపీగా. "షాపువాడు ఎనభై ఫోన్లు పరిచాడు, ఇది గొప్ప అది గొప్ప అంటాడు, నేను ఒక్కోదాన్నీ ఇలా చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విన్నాను. డెబ్బైతొమ్మిదీ ఉబ్బసం కేసులే."

ఉబ్బసానికి గ్యారంటీ ఇస్తారా అని సెలూన్ అతను అడిగాడు. బాబాయి వినిపించుకోలేదు.

"అయినా నమ్మకం కుదరక దీన్ని బావిలో వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అడుగునుంచి మోగింది. నేను తాడు వేసి తీసేలోపల రెండు చేపలు మాట్లాడేసుకున్నాయి కూడా. ఇక మెయిల్ అంటావా, నేను పెట్టిన మెయిల్ ఎంత వడి అంటే, మా బావమరిదికి 'రా' అని రాద్దామని వేలు ఎత్తాను, ఇంకా నొక్కనే లేదు, తలుపు కొట్టి 'పిలిచావుగా బావా' అన్నాడు. అసలు ఆ పూట ఫోన్లో చార్జింగే లేదు."

అయితే నేను పొయ్యకముందే టీ కూడా తాగేసి ఉంటావు, గ్లాసు ఇటివ్వు కడుగుతాను అంది టీకొట్టు పిన్ని. అందరూ నవ్వారు. టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంటే ఈయన చేపల చేత ఫోన్లు మాట్లాడిస్తున్నాడు.

"అదీ ఒక లెక్కా, మొన్నామధ్య ఏమైందో తెలుసా? కొండల్లో ఎక్కడో ఓ అమ్మాయికి నొప్పులు. గాలీ వానా, డాక్టర్ లేడు, రోడ్డు కొట్టుకుపోయింది. నాకు మెయిల్ కొట్టింది. నేను ఈ బల్ల మీదే కూర్చుని ఒక్క వేలితో ఇలా చెయ్యి, అలా పట్టు అని చెబుతుంటే అక్కడ కాన్పు జరిగిపోయింది. ఆడపిల్ల. పిల్లకి కుడి చెవి మీద ఇంత తెల్ల వెంట్రుకల కుచ్చు. ఏమిటనుకున్నారు? ఏంటెనా! నా సిగ్నల్ పట్టీ పట్టీ కడుపులోనే తెల్లబడింది. ఇప్పుడు కొండ మీద జనమంతా ఆ ఊయల చుట్టూ నిలబడి ఫోన్లు మాట్లాడుకుంటున్నారు."

టైలరమ్మ చెయ్యి దానంతట అదే కుడి చెవి మీదికి పోయింది. పిన్నుతో అణిచిపెట్టుకున్న తెల్ల కుచ్చు అక్కడే ఉంది. అమ్మకూ అక్కడే ఉండేది.

"ఆ పిల్లకి పేరు పెట్టారా బాబాయ్?"

"పెట్టకేం, నా పేరే."

ఆమె ఫోన్ తీసుకుని మొదటిసారి సన్న అక్షరాలు తెరిచింది. వాటిలో చెల్లెలివి నాలుగు ఉత్తరాలున్నాయి. మొదటిది నలభై రోజుల నాటిది. అందరూ వినేలా చదివింది. "అక్కా, ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం. కుడి చెవి మీద నీ కుచ్చే వచ్చింది. మిషన్ నీ దగ్గరే ఉండనీ. దీనికి పేరు మాత్రం నువ్వే పెట్టాలి."

మధ్యలో రెండింటిలోనూ బతిమాలుకోవడమే ఉంది. చివరిది నాలుగు రోజుల కిందటిది. "నీ కోపం తీరలేదని అర్థమైంది. ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత మేమే ఏదో ఒకటి పిలుచుకుంటాం. ఇంక రాయను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పొద్దున్నే లేచి, వచ్చిన మెయిళ్లన్నీ తెరిచి చూడటం తనకు అలవాటన్నాడు. "అందులో అక్కా అని తప్ప ఏమీ లేదమ్మా. వీధిలో ఇరవైమంది అక్కలున్నారు, ఎవరి అక్కో నాకేం తెలుస్తుంది?"

సెలూన్ అతను గ్లాసు కింద పెట్టాడు. "చెవి మీద తెల్ల కుచ్చున్న అక్కలు ఎంతమంది బాబాయ్? రోజూ నీ ఎదురుగానే కూర్చుంటుంది."

ఆరు నెలలు చెల్లెల్ని తిట్టిన తిట్లన్నీ టైలరమ్మ గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి. "నలభై రోజులు నీ జేబులో పెట్టుకు తిరిగావు. కథకి పనికొచ్చింది గాని, నా చెవిన వెయ్యడానికి పనికిరాలేదా?" అంది.

ఆమె అక్కడే కూర్చుని, అక్షరాలు తప్పులు పోతున్నా అమ్మ పేరు కొట్టి పంపింది. బాబాయి చేసిన నిర్వాకం కూడా రాసింది. ఎండ ఇంకా తగ్గలేదు. పిన్ని ఎవరూ అడగకుండానే టీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. అది చల్లారకముందే బల్ల మీద ఫోన్ టింగుమంది, అదే క్షణంలో బాబాయి జేబూ టింగుమంది. ఆయన చెయ్యి అలవాటు చొప్పున జేబులోకి పోయింది.

"ముట్టుకోకు బాబాయ్," అంది టైలరమ్మ. "మర్యాద కాదు."