మంఖాల్ దాక పోయిన బుడగ

కొండల్ నోరు విప్పితే శంషాబాద్ మీంచి పోయే విమానాలు కూడా నెమ్మదిస్తాయని కొండలే చెబుతుంటాడు. రేఖ చాయ్ బండి పక్కన అతనిదో బల్ల, దాని మీద ఫోన్లకేసే గార్డులు, కత్తెర, గుడ్డపేలిక. ఆ పొద్దున అత్తాపూర్ నుంచి భీమశంకరరావుగారు వచ్చి, అరచేతిలో పట్టే నల్లటి పెట్టె ఒకటి అతని ముందు పెట్టారు.

"డిజిటల్ డైరీ బాబూ. మావాళ్ల నెంబర్లన్నీ ఇందులోనే ఉన్నాయి. తెరకో గార్డు వెయ్యాలి. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, ఇదిగో, ఈ అక్షరాల తొడుగు వాటి మీద అతికించాలి. మా చెల్లెలు ఝాన్సీ ఇంకాసేపట్లో విశాఖ నుంచి దిగుతోంది. విమానం ఎక్కడం దానికిదే మొదటిసారి, నేను కనబడకపోతే కంగారుపడిపోతుంది. దాని కొత్త నెంబరూ ఇందులోనే ఉంది. ఫోన్లో ఎక్కించుకోవడం నాకు చేతకాదు. నీకు ఇలాంటివి తెలుసా?"

తెలియదని చెప్పే నోరా అది!

"డిజిటల్ డైరీలా సార్? వెయ్యి చూసిన! మీరు చాయ్ తాగేలోపట ఇస్త, కూసోండ్రి. గప్పటిదాక ఒక చిన్న ముచ్చట చెప్త. మా క్యాబ్ రవీందర్ లేడూ, గాయన ఫోనుకు నేనే గార్డు ఏసిన. అత్తాపూర్ కాడ పైరోడ్డు మీదికెళ్లి ఫోను జారి కింద వడ్డది. ఒక్క గీత లేదు!"

"గది అయితదిలే," అన్నాడు యాదగిరి. ఆయన మంఖాల్ రైతు, టమాటలమ్మి వచ్చి తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద రోడ్డు రోలర్ వస్తున్నది. సక్కగ ఫోను మీదికెళ్లి పోయింది. ఫోను మంచిగనే ఉన్నది, రోలర్‌కే పంచరైంది!"

"రోలర్‌కు టైర్లుంటయా అన్నా?" అంది రేఖ.

"లేకుంటనే పంచరైందంటే నా గార్డు ఎంత గట్టిదో సోచాయించు అక్కా! ఇగ గా ముచ్చట ఎయిర్‌పోర్టు దాక పోయింది. ఒకనాడు పైలట్ పరేషాన్‌గ ఉరికొచ్చిండు. 'కొండలన్నా, విమానం ముందలద్దం పలిగింది, జనం ఎక్కి కూసున్నరు, ఇగ నువ్వే దిక్కు' అన్నడు. గంత పెద్ద గార్డు యాడ దొరుకుతది? కొత్తూర్ల ఒక ఫ్యాక్టరీని పొద్దంత ఆపించి, మన బజారంత పొడుగు గార్డు కోయించిన. నిచ్చెన ఏసేలోపట విమానం కదిలింది. నేను ఊకుంటనా? రెక్క పట్టుకొని ఎక్కిన, గాల్లనే అతికించిన. లోపల జనం ఒకటే చప్పట్లు!"

"కింద వడలేదా?" అంది రేఖ.

"చేతికి గార్డు జిగట ఉన్నది, పడేదెట్ల? గని ఒక్క బుడగ మిగిలింది. బుడగ మిగిలితే కొండల్ పేరు ఏం గావాలె? బొటనేలు పెట్టి ముక్కు కాడికెళ్లి తోక దాక ఒక్క తోపు తోసిన. గా బుడగ ఎటు పోయిందో తెలుసా? మంఖాల్ దాక పోయి ఫట్‌మని పలిగింది. యాదగిరి బాపూ, నిరుడు మీ ఊర్ల గాలిదుమారం వచ్చిందా, లేదా?"

"వచ్చింది. నా కొట్టం మీది రేకు లేచిపోయింది."

"గది నా బుడగనే!"

"అయితే నా రేకు నువ్వే ఏసియ్యాలె బిడ్డా."

కొండల్‌కి అది వినబడలేదు. నోటితోపాటు చేతులూ ఆడుతున్నాయి. పొర పరుస్తున్నాడు, గుడ్డతో రుద్దుతున్నాడు, అంచులు మడుస్తున్నాడు. చాయ్ తాగుతున్న మేమంతా అతని నోటినే చూస్తున్నాం గాని చేతుల్ని ఎవరం చూడలేదు. రావుగారు మాత్రం వాచీ చూసుకుని, "బాబూ, విమానం వచ్చే వేళయింది," అన్నారు.

"అయిపోయింది సార్! అసలు ముచ్చట వినుండ్రి. విమానంల మీటల మీద అచ్చరాలు అరిగిపోయినయ్, అచ్చం మీ డైరీ లెక్కనే. ఏది నొక్కాల్నో పైలట్‌కు తెలుస్తలేదు. తెలుగుల రాసి అతికించిన, 'పైకి', 'కిందికి', 'జర ఆగు' అని. గిప్పుడు గాయన 'జర ఆగు' నొక్కితే విమానం మబ్బుల నడుమ నిలవడతది. అందరు దిగి చాయ్ తాగి మల్ల ఎక్కుతరు."

"గాడ చాయ్ ఎవరు పోస్తరన్నా?"

"నీ బండికి జాగ చూసిపెట్టిన అక్కా, కిరాయి కూడ లేదు! గా గార్డు పీకనీకి క్రేన్ తెచ్చిండ్రు. క్రేనే ఇరిగింది. కొండల్ ఏసిన గార్డు ఊడుడన్న ముచ్చటే లేదు!" అంటూ డైరీని రావుగారి చేతిలో పెట్టాడు.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. నిజం చెప్పాలంటే ఒక్క బుడగ లేదు, నిగనిగలాడుతోంది.

"పని శుభ్రంగా ఉంది నాయనా. కానీ ఇది పుస్తకంలా తెరుచుకుంటుంది. తెరా మీటలూ లోపల ఉంటాయి. నువ్వు గార్డు వేసింది మూతకి, అక్షరాలు అతికించింది అడుక్కి. అంచులు కూడా మడిచేశావు గనక ఇప్పుడిది తెరుచుకోనే తెరుచుకోదు. వెయ్యి చూశానన్నావు, ఒక్కటైనా తెరిచి చూశావా?"

బండి చుట్టూ నవ్వే నవ్వు. అంతలో పైన విమానం మోత వినిపించింది. రావుగారు తలెత్తి చూశారు. "మా ఝాన్సీ వచ్చేసినట్టుంది," అన్నారు. ఆ గొంతులో దిగులుకి మా నవ్వు ఆగిపోయింది. కొండల్ మొహం వాడిపోయింది, గోళ్లతో అంచు పీకబోతే రాలేదు.

"క్రేన్ పిలిపియ్యాల్నా అన్నా?" అని రేఖ డైరీ లాక్కుంది. మరుగుతున్న చాయ్ గిన్నె ఆవిరికి కాస్త ఎడంగా పట్టింది. క్షణంలో అంచులు లేచాయి. పొర మొత్తం చేతికొచ్చింది. అడుగునున్న తొడుగు కూడా ఒలిచి ఇచ్చింది.

రావుగారు మూత తెరిచి, తొడుగు మీటల మీద పరిచి, ఒక్కో అక్షరం నొక్కారు. నెంబరు దొరికింది. కలుపుతూనే ఉంటే పది నిమిషాలకి ఫోన్ కలిసింది. "ఝాన్సీ! దిగావా అమ్మా? అక్కడే ఉండు, వచ్చేస్తున్నా!" అంటుంటే ఆయన మొహం చూడాలి! మా అందరికీ ప్రాణం లేచొచ్చింది.

కొండల్ మాత్రం తెరిచిన డైరీ మీదికి వంగి కళ్లప్పగించి చూస్తున్నాడు.

"అరె! గిది నోరు తెరుస్తదా!"

"తెరుస్తది బిడ్డా," అన్నాడు యాదగిరి చాయ్ గ్లాసు కింద పెడుతూ. "గని నీ అంత కాదు."