యమ్నా చేతి మాట

అదిగో, మళ్ళీ బిగబట్టావు! ఊపిరి వదలమ్మా, వదులు. నేనేం నీ గాజులు ఊడబీకడం లేదు, వీపులో పట్టు తీస్తున్నాను. ఇన్నేళ్ళుగా ఈ వేడి రాళ్ళమీద పడుకుంటున్నావు, ఇంకా మోచెయ్యి ఆనించగానే కొత్తపెళ్ళికూతురిలా ముడుచుకుపోతావేంటి?

నొప్పా? ఉంటుంది మరి. నొప్పి లేకుండా వీపు సాపుగా రావాలంటే కొత్త ఊళ్ళో ఆ మసాజ్ సెంటరుకే పోయుండాల్సింది. పోయావుగా! నాకు తెలీదనుకున్నావా? ఫెజ్ పాత ఊళ్ళో ఆడదాని నోట్లో నువ్వుగింజ నానుతుందా? మీ వదినే చెప్పింది. తెల్లకోటు పిల్లెవత్తో నిన్ను చాప మీద పడుకోబెట్టి, మంద్రంగా పాట పెట్టి, రెండు వేళ్ళతో వీపు మీద పాకించి, ఇంటికెళ్ళి గోడకేసి ఒత్తుకోమని చేతిలో రబ్బరు బంతి పెట్టిందట. బంతి! యాభై దాటిన మనిషికి బంతి! ఇంటికొచ్చి మనవడికిచ్చుంటావు, వాడికైనా పనికొస్తుంది.

నవ్వకు, నవ్వితే నడుం బిగుస్తుంది.

మెడ ఇటు తిప్పు. ఇంకా. ఛీ, తలుపు బందులా కిర్రుమంటోంది. ఏం చేస్తావమ్మా ఇంట్లో? రోజంతా దివాను మీద కూర్చుని పనిమనుషులకి పురమాయించడమేగా! అలా గడ్డం ఎత్తి ఎత్తి చెబితే మెడ ఇంకెలా ఉంటుంది?

కోపమా? బయట వీధిలో నువ్వు లల్లా బతూల్‌వి, దొరసానివి, మీరూ అంటాను, పక్కకి తప్పుకుని దారిస్తాను. ఇక్కడ ఒంటినిండా నల్లసబ్బు పూసుకుని బోర్లా పడుకున్న మనిషికి మీరేంటి, గారేంటి?

ఏంటీ? సరిగ్గా అను, ఆ నీళ్ళ చప్పుడులో వినపడలేదు.

ఆఁ... మీ అబ్బాయి అనస్‌కి చూస్తున్న నుజా సంగతా?

అందుకా ఇవాళ బాదం కజ్జికాయలు డబ్బా నిండా పట్టుకొచ్చావు! ఇన్నేళ్ళలో పండక్కి రెండు విదిల్చిన చెయ్యి కాదు నీది. నేనూ అనుకున్నాను, ఈవిడకి నామీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని.

అడుగు, అడుగు. అడగడం మీ ఆనవాయితీయేగా. కొడుక్కి పిల్లని చూడాలంటే ముందు ఈ ఆవిరి స్నానాల హమ్మాములో చూడాలి. ఇంట్లో చూస్తే పట్టుకఫ్తాన్ వేసుకుని నడుం బిగించుకుని కూర్చుంటుంది, ఏం కనపడుతుంది? ఇక్కడైతే ఆవిరిలో అన్నీ కనపడతాయి. కనపడనివి వీపు రుద్దేదాన్ని పిలిచి చెవిలో అడగాలి. కాళ్ళు సమంగా ఉన్నాయా, తుంటి నిలబడుతుందా, వీపు తిన్నగా ఉందా? గొర్రెని కొనేవాడు కూడా ఇంత తడమడు.

నేనేమో చెప్పాలి. ఎందుకంటే యమ్నా చెయ్యి అబద్ధమాడదట. మీరంతా కలిసి తగిలించారుగా ఆ బిరుదు.

సరే, చెబుతాను విను. ముందు ఆ చెయ్యి వెనక్కి వదులు, భుజం కింద వేళ్ళు పెట్టాలి. ఆ... కేక వెయ్యకు, పక్కవాళ్ళు నిన్ను చంపుతున్నాననుకుంటారు.

నుజా నా దగ్గరికి వచ్చి పది గురువారాలైంది. మొదటి రోజు ఎలా వచ్చిందనుకున్నావు? ఇరవై మూడేళ్ళ పిల్ల, తాసుచెంబుతో నీళ్ళు ముంచి నెత్తిన పోసుకోలేకపోయింది. చేతులు చెవులు దాటి పైకి లేవడం లేదు. ఎనిమిదో ఏట కూర్చోబెట్టారు దాన్ని ఎంబ్రాయిడరీ చట్రం ముందు. నీ దివాను మీద నీలం దారంతో కుట్టిన దిండు గలీబులున్నాయే, వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తావే, అవి ఎలా వచ్చాయనుకున్నావు? అలాంటివి కుట్టీ కుట్టీ పిల్ల కొడవలిలా తయారైంది.

మీరేమో వీపు వంగితే వీపు రుద్దమంటారు. మీ తెలివంతే. వీపు పాపం ఏం చేసింది? ముందు వైపు పట్టేసి లాగుతుంటే అది సాగి సాగి ఏడుస్తోంది. నేను దాని వీపు ముట్టుకోనేలేదు మూడు వారాలు. మెడ ముందరి ఎముక కింద, చంకలో, పక్కటెముకల సందుల్లో, తొడ మొదట్లో... అక్కడ కండకీ ఎముకకీ మధ్య పొర అట్టకట్టుకుపోయి ఉంది. బొటనవేలు పెట్టి, దాని ఊపిరితో పాటు లోపలికి వెళ్ళి, అక్కడే ఆగాలి. తొయ్యకూడదు. అదే మెత్తబడి దారిచ్చే దాకా ఆగాలి. ఆ పిల్ల కళ్ళమ్మట నీళ్ళు కారాయి గానీ ఒక్కసారి అమ్మా అనలేదు. నీలా కాదు.

పోయినవారం ఏం చేసిందో తెలుసా? తాసు ఎత్తి నెత్తిన పోసుకుంది. తనే! పోసుకుని, మళ్ళీ ముంచి మళ్ళీ పోసుకుంది. నీళ్ళన్నీ అయిపోగొట్టి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి? వచ్చింది.

మీ అనస్‌కి అదంటే ప్రాణమనీ, దానికి వాడంటే ప్రాణమనీ నువ్వే అన్నావుగా. ఇంకేం కావాలి తల్లీ నీకు?

ఒక్కమాటలో చెప్పాలా. తిన్నగా ఉందా, వంకరా అనా?

ఏమన్నావు? "మా ఇంటికొచ్చే పిల్ల నాలా నడవాలి" అన్నావా?

ఆగు. చేతులు కడుక్కోనీ.

నీలా నడవాలి! గురివింద గింజ తన నలుపెరగదంటే ఏమో అనుకున్నాను, ఇదిగో నా మోచెయ్యి కిందే పడుకుని ఉంది. అనకూడదనుకున్నాను బతూల్. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. నువ్వే అనిపించుకుంటున్నావు, విను.

నీ కంటే ముందు మీ అత్తగారు, హాజా బహియా, ఇంకో పిల్లని చూసింది. మహ్జూబా అని, పొయ్యివీధి రొట్టెలావిడ కూతురు. మీ అత్తగారు నన్నడిగింది, ఇదిగో ఈ తొట్టి పక్కనే కూర్చుని. నాకప్పుడు నలభై ఏళ్ళు, నా చేతుల మీద నాకు గర్వం. ఎడమ రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చింది హాజా, అన్నాను. నిజమే అది. వేలెడంత. నొప్పీ లేదు, బాధా లేదు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. పెళ్ళి మాటలు ఆగిపోయాయి, ఊరంతా తెలిసింది ఎందుకు ఆగిపోయాయో. మహ్జూబా మళ్ళీ ఏ హమ్మాములోనూ అడుగుపెట్టలేదు. ఇప్పటికీ ఇంట్లో తలుపేసుకుని చెంబుతో పోసుకుంటుందట. పెళ్ళి లేదు, పెటాకులు లేవు. వాళ్ళమ్మ దగ్గర రొట్టె కొనడానికి వెళితే నా ముఖం చూడకుండా రొట్టె చేతిలో పెట్టేది. తిట్టినా బాగుండేది.

మూడు నెలలకి నువ్వొచ్చావు. నారింజపండు వలుచుకుంటూ, నవ్వుకుంటూ. పడుకోబెట్టి చెయ్యి వేశాను. నీ ఎడమ తుంటి రెండు వేళ్ళు పైకుంది బతూల్! మహ్జూబాది వేలెడు, నీది రెండు వేళ్ళు!

లేవకు. లేవకన్నానా! సబ్బు కాళ్ళతో జారిపడతావు.

హాజా వచ్చి అడిగింది, ఎలా ఉందీ అని. సూదిలా తిన్నగా ఉంది అన్నాను. నువ్వంటే నాకేం ప్రేమ? లేదు. నీ నవ్వు కూడా నాకు నచ్చలేదు. ఇంకో పిల్ల బతుకు అలా పాడవడం చూడలేక అన్నాను, అంతే. ఆవిడ నమ్మింది. యమ్నా చెప్పిందంటే ఇక తిరుగేముంది?

అప్పణ్ణుంచి నాకు భయం పట్టుకుంది. మొదటి కాన్పయ్యాక నీ తుంటి ఇంకాస్త లేచింది, మేడ మెట్ల మీద కాలు ఈడుస్తున్నావని పనిమనిషి చెప్పింది. నీకేమో అది కాన్పు నొప్పి. నాకేమో నా అబద్ధం బయటపడే దారి. నువ్వు కుంటావంటే నా మాట పోతుంది, ఆ తర్వాత నన్నెవరు పిలుస్తారు? అప్పుడు మొదలుపెట్టాను. ఇరవయ్యారేళ్ళు! గురువారం తప్పకుండా. మోకాలు పెట్టి, మడమ పెట్టి, నీ కాలు నా భుజానేసుకుని గుంజి, నడుం దగ్గర పట్టేసిన పొరని వేలితో విప్పి. మిగతావాళ్ళకి ఓ వంతు పని, నీకు రెండొంతులు. "యమ్నాకి నేనంటే ఎంత అభిమానమో" అని నలుగురిలో చెప్పుకుంటావట. అభిమానమా, నా ముఖమా! నా మొగుడి కాళ్ళు కూడా అన్నిసార్లు పట్టలేదు నేను. పోయినవారం తిన్నగా ఉన్నదాన్ని ఈ వారం మళ్ళీ తిన్నగా చెయ్యడమే నీ నడకంటే. నువ్వు వీధిలో రాణిలా వెళుతుంటే, ఈ వారానికి గట్టెక్కాను అనుకునేదాన్ని.

ఏడుస్తున్నావా? ఏడువు. నేనూ ఏడ్చాను, నిజం చెప్పినందుకు ఒకసారి, అబద్ధం చెప్పినందుకు చాలాసార్లు.

ఇదిగో, ఈ బొటనవేళ్ళు చూడు. ముడుచుకోవడం లేదు. పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవడానికి మనవరాల్ని పిలుస్తున్నాను. ఇంకో అబద్ధం ఆడి దాన్ని ఇంకో ఇరవయ్యారేళ్ళు రుద్దడానికి నాకు చేతుల్లేవు. అందుకే నుజా గురించి నిజమే చెబుతున్నాను.

వంకరే. సగం తీశాను. మిగతా సగానికి ఏడాది పడుతుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. మళ్ళీ చట్రం ముందు కూర్చోబెడితే అసలు రాదు. బిడ్డలకి వస్తుందా అంటావేమో, సూదిపని చేసి వచ్చిన వంకర కడుపులోకి ఎలా వెళుతుందమ్మా!

ఇంటికెళ్ళి మీ అనస్‌కి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. వంకర పిల్ల మనకొద్దురా అంటావా, అను, నాకేం? కానీ అలా అన్నదానివి వచ్చే గురువారం ఇంకెవరి ముందైనా పడుకో. ఆ రబ్బరు బంతి మీద పడుకో. నెల తిరక్కుండా మీ మేడమెట్లే చెబుతాయి మీ ఇంట్లో వంకర ఎవరో.

ముందు కళ్ళు తుడుచుకో.

సరే. కుడిపక్కకి ఒత్తిగిల్లు. ఇవాళ్టికి చేసే పని చెయ్యాలిగా.