‘గాలి సోకిందా?’ అని అడిగిన నర్సమ్మ గారు

1991వ సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం ఏడు గంటలకు శ్రీమతి నార్సీసా తొమాలా గారు గుయాకిల్ నగరంలోని మన అస్థి, కీళ్ల పరిశోధన విభాగంలో కనిష్ఠ శ్రేణి నర్సుగా ప్రవేశించారు. ముప్పై మూడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఆ కనిష్ఠ శ్రేణికి సరిగ్గా రెండు మెట్లు పైనుండి, ఈ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న అన్యాయాన్ని నాకు చేతనైనంత మర్యాదగా వివరించడమే ఈ వ్యాసోద్దేశం. మర్యాద ఎక్కడైనా తప్పితే అది నా దోషమే గాని సంపాదకవర్గానిది కాదు. వారు నన్ను అడిగినవి ‘ఆహ్లాదకరమైన రెండు పుటలు’ మాత్రమే.

నార్సీసా గారు చందూయ్ రేవులో, వలలు లాగి నడుము విరుచుకున్న తండ్రికి, కుట్టుపనితో ఐదుగురు పిల్లలను సాకిన తల్లికి జన్మించారు. నడుము నొప్పి అంటే ఏమిటో ఆమెకు పాఠ్యపుస్తకం చెప్పనక్కరలేదు. తండ్రిని మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టే పని ఏడేళ్ల వయసు నుంచీ ఆమెదేనట. మన విభాగంలో పెద్ద చదువులు చదివిన వారు ఎందరో ఉన్నారు, నేనూ ఒకణ్ణి. రోగి నడుస్తూ వస్తుంటే తలెత్తి చూసేవారు మాత్రం చాలాకాలం ఆమె ఒక్కరే.

తొంభై ఆరులో, మోకాలి లోపల తెగిన కీలు పట్టీ (లిగమెంటు) ఎంత కాలానికి, ఏ వ్యాయామంతో అతుకుతుందో తేల్చే పరిశోధన ఆరంభమైంది. రోజుకు ఇరవై నిమిషాలు మోకాలిని మెల్లగా ఆడించమని వైద్యులు చెప్పేవారు. రోగులు బుద్ధిగా తలూపి ఇంటికి వెళ్లి హాయిగా ఊరుకునేవారు. ఖాళీగా కూర్చుని కాలు ఊపుకునే మగవాణ్ణి చూసి ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? నార్సీసా గారు ఒక శనివారం బస్సు పైకప్పుకు కట్టించి తల్లి గారి కాలితొక్కుడు కుట్టుమిషను తెచ్చి మూడవ వార్డులో పెట్టారు. ఓడరేవు హమాలీలు, లారీ డ్రైవర్లు వంతుల వారీగా కూర్చుని మిషను తొక్కుతూ ఆస్పత్రి దుప్పట్లకు, కర్టెన్లకు అంచులు కుట్టారు. ఆ వార్డు కర్టెన్లు నేటికీ వంకరగానే ఉన్నాయి, ఆ మోకాళ్లు మాత్రం తిన్నగా అతికాయి. ఆ ఫలితాలు ‘స్వల్పభార లయబద్ధ వ్యాయామం’ అనే గంభీరమైన పేరుతో అచ్చయ్యాయి. రచయితలు ఎనిమిది మంది. మిషను తెచ్చిన మనిషి పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు. అడిగితే, ‘ఆమె నర్సు కదా’ అన్నారు. ఔను, నర్సే. ఎనిమిది మందిలో ఒక్కరైనా ఆ మిషనుకు నూనె వేశారా అని నా ప్రశ్న.

2004వ సంవత్సరంలో, మోకాలి కీలులో చక్కగా పనిచేస్తున్న ఒక ఇంజెక్షను మందును వెన్నుపూసల మధ్య కూడా ఇచ్చి నడుము నొప్పి తగ్గించవచ్చునన్న ఉత్సాహం నాటి విభాగాధిపతి డాక్టర్ ఔరేలియో మన్రీకె గారికి కలిగింది. అరటి పెట్టెలు మోసే నలభై ఒక్క మంది హమాలీలకు ఆ మందు ఇచ్చారు. మందు వల్ల ఏదైనా హాని కలిగిందా అని నెలనెలా ప్రశ్నించి ఫారాలు నింపే ఉద్యోగానికి అప్పుడే పట్టా పుచ్చుకున్న ఇరవై ఆరేళ్ల గణాంకవేత్తను నియమించారు. ఆ ఘనుణ్ణి నేనే. ‘మందు వల్ల కొత్తగా ఏమైనా ఇబ్బంది కలిగిందా?’ అని అడిగేవాణ్ణి. ఏమీ లేదు, దేవుడి దయ అనేవారు. ‘లేవు’ అని రాసేవాణ్ణి. ఎనిమిది నెలలు, నలభై ఒక్క మంది, అన్నీ ‘లేవు’లే. ఇంత నిరపాయమైన మందు భూమ్మీద లేదని డాక్టర్ మన్రీకె గారు పొంగిపోయారు. నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని భుజం కూడా తట్టారు.

మన ప్రధాన ద్వారం పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు, బూట్లు బాగుచేసే దోన్ ఎవరిస్తో గారు ఈ సంచిక చదివే అందరికీ తెలిసినవారే. ఒక ఉదయం నార్సీసా గారు ఆయన దగ్గర నిలబడి పచ్చి అరటికాయ మెదిపి చేసిన ఉండ తింటూ ఉండగా, మీ వెన్ను ఇంజెక్షన్ల పుణ్యమా అని నాకు నాలుగు మెతుకులు దొరుకుతున్నాయని ఆయన వేళాకోళమాడారు. అదెలాగని ఆమె అడిగారు. హమాలీలు కొందరు పదే పదే ఒకే బూటు తెస్తున్నారని, రెండోది కొత్తదిలా ఉంటుందని, అరిగేది మడమ దగ్గర కాదు, బొటనవేలి దగ్గరేనని ఆయన చెప్పారు. చెప్పి, బాగుచేయడానికి వరుసగా పెట్టిన మూడు ఒంటి బూట్లు చూపించారు. నార్సీసా గారు తింటున్నది కాగితంలో చుట్టి సంచిలో వేసుకుని నేరుగా నా గదికి వచ్చారు. పాదం పైకి లేవక నేలను రాసుకుంటూ పోతేనే బూటు ముందు భాగం అలా అరుగుతుంది. ఆ సంగతి నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

ఆ రోజు నా ఎదుట కూర్చుని ఉన్నవాడు మాక్సిమో లిందావో, వయసు ముప్పై నాలుగు. నేను నా ప్రశ్న అడిగాను, అతను ఏమీ లేదన్నాడు, నేను కలం ఆనించాను. నార్సీసా గారు నా చేతిని ఆపి, తమ ఊరి యాసలో ఒకే ఒక్క మాట అడిగారు.

“మాక్సిమో, ఈ మధ్య నీకు గాలేమైనా సోకిందా?”

“సోకింది నర్సమ్మా. ఇంజెక్షన్ అయిన మూడో వారం. ఒళ్లంతా చెమటతో ఓడ చల్లగదిలోకి దిగా, అంతే, కాలు చచ్చుబడింది. మా పెద్దమ్మ గుడ్డుతో దిగదుడిచింది, కొంచెం నయం.”

“మరి ఈ బాబుకు చెప్పలేదేం?”

“ఆయన మందు సంగతి అడిగాడు, గాలి సంగతి అడగలేదుగా. అయినా డాక్టర్ల దగ్గర గాలి మాటెత్తితే పళ్లికిలిస్తారు. మాకెందుకొచ్చిన గొడవ.”

సిగ్గుతో నా తల నేలకు దిగిపోయింది. ఎనిమిది నెలలుగా అతను నాకు అబద్ధం చెప్పలేదు. మందు వైద్యుడి సొత్తు, గాలి దిగదుడిచే పెద్దమ్మ సొత్తు. కాలు గాలి ఖాతాలో పడింది గనుక మందు ప్రశ్నకు అతను నిజాయితీగానే లేదన్నాడు. ఈ తీరంలో పుట్టి పెరిగినవాణ్ణి నేను, మా అమ్మ కూడా నన్ను గుడ్డుతో దిగదుడిచినదే. అయినా తెల్లకోటు వేసుకోగానే ఆ సంగతి మరిచాను. నార్సీసా గారు ఆ వారమంతా నలభై ఒక్క మందినీ అదే ప్రశ్న అడిగారు. ఆరుగురు ఔనన్నారు. ఆరుగురికీ ఇంజెక్షన్ తర్వాతే, ఆరుగురికీ ఒక పాదం వాలిపోయింది, ఆరుగురి ఒంటి బూట్లకూ దోన్ ఎవరిస్తో గారు అతుకులు వేశారు.

ఆమె ఆ వివరాలన్నీ సాపుగా రాసి విభాగాధిపతి ముందు పెట్టారు. ఆ సమయంలో నేనూ ఆ గదిలో ఉన్నాను. ఉండీ లేనట్టే.

“పరిశోధన నివేదికలో దెయ్యాల గాలి గురించి రాయమంటావా సిస్టర్?” అని డాక్టర్ మన్రీకె గారు నవ్వారు.

“గాలి అని వాళ్లంటున్నారు డాక్టరు గారూ. కాలు ఈడుస్తున్నారని నేనంటున్నాను. మీరు నా మాటే రాయండి.”

ఆయన రాయలేదు. నావైపు తిరిగి, ఫారాల్లో ఏముందని అడిగారు. ‘లేవు’ అని ఉన్నదన్నాను. ఈ ఒక్క మాటకు నన్ను ఎవరూ బెదిరించలేదు, లంచమూ ఇవ్వలేదు. ఉద్యోగం కొత్తది, అంతే. మరుసటి సోమవారం నార్సీసా గారిని పట్టీల గదికి బదిలీ చేశారు. పదమూడేళ్ల అనుభవం ఉన్న నర్సు రెండేళ్ల పాటు గాజుగుడ్డ కత్తిరించారు. ఆ రెండేళ్లలోనే నాకు పదోన్నతి లభించింది.

2013లో యాజమాన్యం మూడు పంక్తుల సర్క్యులరు జారీ చేసింది. సదరు మందును ఇకపై వెన్నులో వాడరాదని మొదటి పంక్తి, ఇది కేవలం ముందుజాగ్రత్త చర్య అని రెండవ పంక్తి. ‘మన విభాగంలో ఎటువంటి దుష్పరిణామాలూ నమోదు కాలేదు’ అని మూడవది. ఎంత చక్కటి వాక్యం! చేతులు దులుపుకోవడానికి ఇంతకంటే మంచి తువ్వాలు దొరకదు. నమోదు కాలేదు నిజమే, నమోదు చేయవలసినవాడు నేనే కనుక. ఆ ‘లేవు’లనే చూపి కార్మిక బీమా వైద్యులు ఆ ఆరుగురి కాళ్లనూ సొంత బలహీనత అని తేల్చారు. పాదాన్ని నిలబెట్టే పట్టీ గాని, వ్యాయామ చికిత్స గాని ఇవ్వలేదు. పెట్టె మోయలేని హమాలీని జట్టు ఎంతకాలం ఉంచుకుంటుంది? మాక్సిమో ఇప్పుడు బస్సుల్లో చాక్‌లెట్లు అమ్ముతున్నాడు.

ఆ ఆరు ఫారాలు దిద్దమని నార్సీసా గారు నన్ను మూడుసార్లు అడిగారు. మొదటిసారి భయపడ్డాను, రెండవసారి పని ఒత్తిడి అన్నాను. మూడవసారి ఈ సోమవారం, తమ అలమారా ఖాళీ చేస్తూ వచ్చి నిబంధనల పుస్తకం నా బల్లపై తెరిచి పెట్టారు. పాత ఫారాన్ని నింపినవాడే దిద్దాలి, సర్వీసులో ఉన్న ఒక సాక్షి సంతకం చేయాలి అని అందులో ఉంది. నేడు రికార్డుల శాఖకు అధిపతిని నేనే, కనుక నన్ను ఆపేవారు లేరు. ఆమె సర్వీసు ఈ శుక్రవారంతో ముగుస్తుంది, తర్వాత ఆ బూట్లు కళ్లారా చూసిన సాక్షి ఈ కట్టడంలో మరొకరు ఉండరు.

“రాసింది నువ్వే బాబూ, దిద్దాల్సిందీ నువ్వే. శుక్రవారం దాటితే నా సంతకం చెల్లదు” అన్నారు. ఇరవై ఏళ్లలో నాతో ఆమె పలికిన అతి కఠినమైన మాట ఇదే. నేను ఇంతకంటే తిట్లకు అర్హుణ్ణి.

మంగళవారం ఉదయం ఆరు ఫారాలూ బయటికి తీశాము. ఐదు దిద్దాక నేను కలం మూశాను. ఆరవది హసింతో బోర్బోర్‌ది, ఆయన రెండేళ్ల క్రితం కాలం చేశారు.

“అది కూడా దిద్దు” అన్నారామె.

“ఆయన లేడు కదమ్మా.”

“ఆయన లేడు. ఆయన కాగితం ఉంది.”

దిద్దాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, ఆరూ మొదటి నుంచి చివరి దాకా చదివి, ఆరింటి మీదా సాక్షి సంతకం చేశారు. నకళ్లు అదే రోజు బీమా కార్యాలయానికి చేరాయి. ఇవి ‘అభినందన సంచిక స్ఫూర్తికి’ తగవని ఒక పెద్దమనిషి నా వ్యాసం మొదటి ప్రతిలో పెన్సిలుతో కొట్టివేసి పంపిన పేర్లను, సంస్థ ముద్ర ఉన్న ఈ కాగితం మీద మళ్లీ రాస్తున్నాను: మాక్సిమో లిందావో, తెయోఫిలో విల్యావో, గ్రిసెల్దో పంచానా, ఎరాస్మో దెల్ పెసో, బెన్హమీన్ కిమీ, కీర్తిశేషులు హసింతో బోర్బోర్. వీటిని తీసివేస్తే నా వ్యాసాన్నీ తీసివేయవలసిందని సవినయంగా మనవి.

నార్సీసా గారూ! మూడవ వార్డులోని కుట్టుమిషను మీ తల్లి గారిది, దాన్ని బాగుచేయించి మీ ఇంటికి పంపుతున్నాము. దాన్ని తొక్కే మోకాళ్లు, దారం ఎక్కించే కళ్లు, నిటారైన నడుము మీకు నిండు నూరేళ్లూ ఉండాలని, మీ కుమార్తెలతో, మనుమలతో గడిపే మీకు ఆ చందూయ్ గాలి ఆరోగ్యాన్నే మోసుకురావాలని మనసారా కోరుకుంటున్నాను. సోమవారం నుంచి మన ఫారంలో మొదటి ప్రశ్న మీదే. శుక్రవారం సభకు విచ్చేసే పెద్దలకు ఒక విన్నపం: ముందు వరుసలోకి అయిదుగురు హమాలీలు వస్తారు, వారు మెల్లగా నడుస్తారు, దయచేసి వారికి దారి ఇవ్వండి.

— లిసిమాకో ప్లువాస్,
రికార్డుల శాఖ