బందెలదొడ్డిలో ఎర్రగుర్రం

"అవ్వా, తాత కొండగుర్రాన్ని తాడు కూడా లేకుండా మచ్చిక చేసినాడంట, నిజమేనా?"

ఎవురు చెప్పినారు పిల్లా నీకు? నిజమే. కళ్లారా చూసినాను. ఇదిగో చెయ్యి చూడు, తల్చుకుంటే ఇప్పటికీ వెంట్రుకలు లేస్తాయి. ఆత్మకూరు నించి కూడా జనం వచ్చి ఆయన దగ్గర నేర్చుకునేవోళ్లు గదా, మొదటి శిష్యుడెవురో తెలుసా? మా తమ్ముడు.

మీ తాత హైదరాబాదులో పోలీసు గుర్రాల కాడ పనిచేసి, రిటైరై ఉదయగిరికి వచ్చినాడా, అప్పటికే ఈడ ఆటోలు దిగినాయి. జట్కా ఎవురెక్కుతారింక? మా చిన్నప్పుడు అర్ధరూపాయిస్తే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకునేవోళ్లు, మా పెద్దత్త అయితే... సరే, ఆమె సంగతి ఇప్పుడెందుకులే. జట్కావోళ్లు మేపలేక గుర్రాల్ని కొండకింద వదిలేసినారు. అవి ఆడనే ఈనినాయి. ఆ పిల్లలకి తాడు తెలవదు, మనిషి తెలవదు. అట్టా పుట్టిందే ఆ ఎర్రది.

అది మా తమ్ముడి శనక్కాయ చేలో పడి అంతా తొక్కేసింది. వాడు నోరు తెరిస్తే ఊరంతా వినపడాల. మనుషుల్ని కూడేసి, తరిమి తరిమి దాన్ని బందెలదొడ్డిలో తోసినాడు. చేలల్లో పడిన గొడ్లని తోలేది ఆడికే గదా. అది గోడలకేసి కొట్టుకుంటాది, నీళ్లు ముట్టదు. డొక్కలు లోపలికి పోయినాయి. "కాళ్లు కట్టి పడేస్తే అదే తాగుద్ది, లేదంటే చావనీ" అంటాడు వాడు.

పైగా మీ తాత ముందరే ఎవురిదో పాత జట్కా గజ్జెలు తెచ్చి గలగలా ఆడించినాడు. "దీని తల్లి జట్కా గుర్రమే గదా బావా, వింటే వచ్చేస్తాది!" అని. అమ్మో! అది గోడెక్కబోయి పడింది, మోకాలు చీరుకుపోయింది. మీ తాత ఆ గజ్జెలు లాక్కుని, "దాని తల్లికి గజ్జెలు మోగితే కొరడా పడేది రా, ఆ బెదురే దీనికీ వచ్చింది! కొరడా చూపించి పిలుస్తుండావా?" అన్నాడు.

ఉట్టి చేతులతో లోపలికి పోయినాడు. నీళ్లతొట్టి పక్కన, గుర్రానికి వీపు పెట్టి, నేలమీద కూర్చున్నాడు. నాకు పైప్రాణం పైనే పోయింది. ఒక్క తన్ను తంతే మనిషి మిగలడు గదా! యేసయ్యా అనుకుంటా గేటు పట్టుకున్నాను. ఎండ నడినెత్తికొచ్చింది. అది ఒక అడుగు... ఆగింది... ఇంకోటి. వచ్చి మీ తాత మెడ వాసన చూసింది పిల్లా! ఆయన తిరగలా. తిరక్కపోగా, లేచి దూరంగా నడిచినాడు. అది తొట్లో మూతి పెట్టి గుటగుటా తాగి, తలెత్తి ఆయనెనకాలే పోయింది. ఏంది ఆ వింత!

అప్పుడు మా తమ్ముణ్ణి పిలిచి, "నువ్వు రారా ఇంక. నోరు మూసుకుని కూర్చో" అన్నాడు. వాడూ దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. దాని మోకాలి నెత్తురింకా ఆరలా. అది మెల్లిగా వచ్చి వాడి భుజం మీద తల ఆనించింది. వాడు ఏడవడం మా అమ్మ కూడా చూసుండదు పిల్లా... "నన్నెట్టా నమ్మినావే" అని వెక్కి వెక్కి ఏడ్చినాడు.

ఇట్టా రా, తలమీద చెయ్యి పెట్టనీ. దేవుడు నిన్ను చల్లగా చూడాల తల్లీ. నిన్ను చూసి బెదిరిన జీవి ఏదైనా సరే... మళ్లీ నీ దగ్గరికే వచ్చేటట్టు... ఆఁ, అట్టా ఉండాల నువ్వు...