లారీ ట్యూబు బంతి

(ఆటోనగర్‌లో బాబ్జాన్ పంక్చర్ల షాపు. సాయంత్రం నాలుగు దాటింది. బాబ్జాన్ ముందు నీళ్ల తొట్టి, అందులో స్కూటర్ ట్యూబు. ఎదురుగా స్టూలు మీద కాలేజీ చదివే మనవరాలు ఇష్రత్. ఆమె ఒళ్లో మడతపెట్టిన ఫుట్‌బాల్ జెర్సీ.)

“...అందుకే చెబుతున్నా. ఇబ్రహీంపట్నం వాళ్లతో ఆడిన రోజు బంతి ఒక్కసారి నా కాలి దగ్గరికొచ్చిందా, ఇక ఆట అయ్యేదాకా ఇంకొకడి కాలికి తగల్లా!”

“దాదా, నేనడిగింది బంతి సంగతి కాదు. బండి ఎప్పుడవుతుంది?”

“పంక్చర్ దొరకాలిగా, బేటీ.”

“బుడగలేం రావట్లేదు మరి.”

“సన్న మేకు. సిగ్గుపడే రకం. కాసేపు చూడనట్టుంటే అదే బయటికొస్తుంది.”

“నాకు టైం లేదు. ఐదున్నరకి ఫైనల్. అంతకుముందే పటమట గ్రౌండుకి పోయి, ఈ జెర్సీ వినీల మేడం చేతిలో పెట్టేసి వచ్చెయ్యాలి.”

“చేతిలోనా? ఇందాక మొహాన కొడతానన్నావు.”

“చేతిలోనే. కాకపోతే గట్టిగా పెడతా.”

“ఇంతకీ మీ కోచ్ ఏమందంట?”

“పొద్దున చెప్పాగా.”

“ముసలాణ్ణి. ఇంకోసారి చెప్పు.”

“ఇవాళ బెంచి మీద కూర్చోమంది. సెమీస్‌లో మేం ఒక గోలు ముందున్నాం. ఆట అయిపోవస్తోంది. బంతి నా దగ్గరికొచ్చింది. తన్నా.”

“ఎటు?”

“ముందుకి.”

“ముందు ఎవరున్నారు?”

“...అవతలి టీమువాళ్లు.”

“మరి మీవాళ్లు?”

“పక్కనే శ్రీదుర్గ ఉంది. ఇవ్వమని అరిచింది కూడా. అయితే ఏంటి? వాళ్లు గోలు కొట్టారు, సరే. పెనాల్టీల్లో మేమే గెలిచాంగా! ‘బంతి కాలికి తగిలితే చాలు, నిప్పు తొక్కినట్టు వదిలేస్తావు’ అంది మేడం. అందరి ముందూ.”

“తప్పే. అందరి ముందూ అనకూడదు. నన్నూ శౌరయ్య అందరి ముందే అన్నాడు.”

“ఏ శౌరయ్య?”

“లేతు మిషను శౌరయ్య. మా ఆటోనగర్ టీము కెప్టెన్. మ్యాచ్ ముందురోజు మా బంతి లోపలి రబ్బరు బ్లాడర్ పగిలింది. వల్కనైజింగ్ చేసే ఆమోసు ‘నాకొదిలెయ్యండి’ అన్నాడు. లారీ ట్యూబు కోసి, గుండ్రంగా అతికించి, ఉడకబెట్టి, తోలు లోపల కుక్కేశాడు.”

“లారీ ట్యూబా?”

“లోడు లారీది. అంత బరువు మోసేది, మనుషుల తన్నులకి ఆగదా అని వాడి ధీమా. బంతి గుండ్రంగానే వచ్చింది. కాకపోతే పుచ్చకాయంత బరువు.”

“అబద్ధం.”

“మరీ పెద్ద పుచ్చకాయ కాదులే.”

“రెఫరీ ఊరుకున్నాడా?”

“ఆయనా ఆటోనగరే. వేలితో నొక్కి చూసి, గాలి బాగుందన్నాడు.”

“...ఊఁ. తర్వాత?”

“ఇబ్రహీంపట్నం సెంటర్ ఫార్వర్డ్ తాటిచెట్టంత మనిషి. విజిల్ పడగానే పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి జానెడు కదిలింది. వాడు కింద కూర్చున్నాడు. మర్యాదగా లేచాడు. ఇక ఆ రోజంతా బంతి ఎదురైతే దారిచ్చాడు.”

“మరి మీరు?”

“బంతి సంగతి మాకు ముందే తెలుసుగా! కాలి లోపలి పక్కతో, పసిపిల్లని జరిపినట్టు పక్కవాడికి జరిపేవాళ్లం. దూరం పోదు కాబట్టి అందరం దగ్గర దగ్గరగా నిలబడ్డాం. శౌరయ్య నుంచి ఆమోసుకి, ఆమోసు నుంచి మళ్లీ శౌరయ్యకి. వాళ్లు మా చుట్టూ తిరిగీ తిరిగీ నాలుకలు బయటపెట్టారు.”

“ఆగాగు. ఇంకొకడి కాలికి తగల్లేదన్నావు?”

“అన్నానా?”

“ఇప్పుడేగా!”

“అన్నాలే. మొదటి సగంలో నా కాలికి తగిలింది ఒక్కసారే. ఊపులో మర్చిపోయి, అచ్చం నీలాగే, ముందుకి తన్నా.”

“ఆ బంతిని?”

“బొటనవేలు వంకాయైంది. ‘తెలిసి తెలిసి తన్నావేరా గాడిదా’ అని శౌరయ్య నన్ను గట్టు మీద కూర్చోబెట్టాడు.”

“చొక్కా విప్పి ఆయన మొహాన కొట్టి రావాల్సింది.”

“కొట్టేవాణ్ణే. కుంటుకుంటూ ఎంత దూరం పోతా? కూర్చున్నా. కూర్చుంటే అప్పుడు కనపడింది.”

“ఏం కనపడింది?”

“బంతి మనోడి దగ్గరున్నంతసేపూ అవతలోడు గోలు కొట్టలేడు. అరవగలడు, అంతే. వాడే వస్తాడు, వాడే అలిసిపోతాడు. లోపలున్నప్పుడు భయం బేటీ, తగలగానే వదిలించుకోవాలనిపిస్తుంది. గట్టు మీద నుంచి చూస్తే, పక్కన మనోడొకడు చెయ్యెత్తి నిలబడే ఉంటాడు.”

“...శ్రీదుర్గ చెయ్యెత్తింది.”

“చూశావా?”

“తన్నాక చూశా.”

“ఊఁ.”

“నిన్ను మళ్లీ దింపారా, దాదా?”

“ఆఖర్లో. ఒకడికి తొడ పట్టేసింది. తన్నడానికి నాకు వేలు లేదుగా, వచ్చింది వచ్చినట్టు పక్కవాడికిచ్చా. ఆ కాసేపూ నా అంత బాగా ఆడినోడు లేడు.”

“గోలెవరు కొట్టారు?”

“సగం వాళ్ల గోలీయే. బంతి ఎత్తి విసరబోయాడు. వాడి కాళ్ల ముందే దబ్బున పడింది. శౌరయ్య పెళ్లికి పిలవడానికి వెళ్లినట్టు నెమ్మదిగా వెళ్లి, లోపలికి దొర్లించాడు.”

“ఇందులో ఒక్క ముక్కయినా నిజముందా?”

“అది తర్వాత. టైమెంత?”

“అయ్యో, ఐదవుతోంది! బుడగ వచ్చిందా?”

“తొందరేముంది? జెర్సీ ఫైనల్ అయ్యాకైనా ఇవ్వచ్చు.”

“ఇవ్వడానికెవరు పోతున్నారు? బెంచి మీద కూర్చోవాలన్నా జెర్సీ వేసుకునే కూర్చోవాలి. మేడం దింపినా దింపకపోయినా, శ్రీదుర్గ ఎక్కడెక్కడ నిలబడుతుందో చూడాలి. ఆటో పట్టుకుని పోతా.”

“ఆటో ఎందుకే? ఉండు, ట్యూబు ఎక్కించి గాలి కొట్టేస్తా.”

“పంక్చర్ వెయ్యకుండానా?”

“ఆమోసు, ఆ బంతి, నా బొటనవేలు అన్నీ నిజమే బేటీ. నేను కల్పించింది పంక్చరొక్కటే. నువ్వు టీకి వెళ్లినప్పుడు గాలి నేనే తీశా.”