డొంకదారి చూపించే దశరథం

మలుపు కాడ పాడుబావి పక్కన చింతచెట్టుందే, దాని కాయలు రాలి కుళ్లిపోతన్నా ఎవురూ ఏరుకోరు, చూశారా? ఎందుకని అడిగితే మీ నాయనలు మాట మారుస్తారు. నేను చెప్తా, కూర్చోండి. ఒరే సిలారూ, బీడీ ఆర్పి నువ్వూ కూర్చో, బండి తోలేవోడివి, నీకు బాగా పనికొచ్చుద్ది.

మనూళ్లో దశరథమని పెయింటరుండేవోడు. సినిమా బోర్డుల కాణ్ణించి ఓటు గుర్తుల దాకా ఆడు రాయని గోడ లేదు. ఆడూ నేనూ ఒకే పలక మీద దిద్దుకున్నోళ్లం. ఆడికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల టైలరింగు నేర్చుకోను సైకిలేసుకుని పోయొస్తా ఉంటే, ఆ మలుపులోనే తాగినోడి ఆటో గుద్దేసింది. అంతే, పోయింది. పదకొండో రోజున అన్నాలు తిని, ఇంక తాగి బండెక్కం దశరథం, ఎవుణ్ణీ ఎక్కనియ్యం అని ఊరంతా మాటిచ్చాం. నేనే ముందిచ్చా.

పిచ్చోడు నమ్మాడు. గోడ కనపడితే చాలు, తాగి నడపొద్దు, ఇంటికాడ నీ బిడ్డుంది అని రాసుకుంటా పోయాడు. జనమేం చేశారు? ఆ గోడకే ఆనుకుని సీసా మూత తీశారు. కొందరన్నా మారారేమో నాకు తెలవదు గానీ, తాగినోడు చదవను ఆగుతాడా చెప్పండి? అప్పుడు ఆడు ఎస్సై గారి కాళ్లావేళ్లా పడి వంతెన కాడ చెకింగు పెట్టిచ్చాడు, గొట్టంలో ఊదమంటారే, అది. నిజం చెప్పొద్దూ, అది పెట్టినాక ఎనిమిది నెలలు మనూరి దారిలో ఒక్క చావు లేదు.

మరి మనం ఊరుకుంటామా? మనోణ్ణి మనమే పోలీసులకి పట్టిచ్చేదేందని, వంతెన మీద జీపు కనపడగానే చింతకొమ్మకి ఎర్ర తువ్వాలు కట్టడం మొదలైంది. తాగొచ్చినోడు అది చూసి, బావి పక్క డొంకలోకి తిప్పి, కాలవకట్ట మీదుగా ఇల్లు చేరేవోడు. ఆ తువ్వాలు ఎవురిదనుకున్నారు? నాదే. మా మేనల్లుడు తాగి ట్రాక్టరు తోలేవోడు, ఆడి లైసెన్సు పోద్దని నేనే కట్టేవోణ్ణి.

కూతురు పోయిన రోడ్డు మీద నడవలేక దశరథం రోజూ రంగుడబ్బాలు పట్టుకుని ఆ కట్టమీదే ఇంటికొచ్చేవోడు. అది నాకు తెలుసు. తెలిసే కట్టా. ఒకరోజు పొద్దుగూకేప్పుడు మా మేనల్లుడు నా తువ్వాలు చూసి డొంకలోకి తిప్పాడు, తిప్పి కట్టెక్కాడు, ఎక్కి... ఇంకేం చెప్పను, కట్టంతా తెల్లరంగూ నెత్తురూ. నమ్మినోణ్ణి నేను చంపుకున్నా. ఎవురన్నా కాదంటే ఊరుకోను.

ఆ తర్వాత నెలకి మొదలైంది. తాగొచ్చినోడికి ఆ చెట్టుకింద రంగుచేతులతో ఒక మనిషి కనపడి, ముందు చెకింగుంది అల్లుడా, ఇటు పో అని ఎంతో ప్రేమగా దారి చూపిస్తాడంట. ఆడు సంతోషంగా తిప్పుతాడు, తిప్పితే అక్కడ డొంకుండదు, బావి ఉంటది. ముగ్గురు పోయారు. మా మేనల్లుడే మొదటోడు.

తాగనోడికి కనపడడంటారు. నేను తాగను గందా, అయినా కనపడ్డాడు. మేనల్లుణ్ణి పైకి తీసిన సాయంత్రం ఒంటరిగా పోయి, నన్నన్నా తిట్టరా దశరథం అని ఏడ్చా. తిట్టలా. ఇన్ని గోడలు రాశా గందరా, నీ తువ్వాల్ని చూసినట్టు ఒక్కడన్నా చూశాడా, అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

అందుకని అటు పోబాకండి. పోక తప్పదంటే తాగకుండా పోండి. కాదు, తాగే పోతామంటారా, వంతెన మీదగానే పోయి గొట్టంలో ఊదండి. పోలీసోళ్లు పట్టుకుంటే పొద్దున్నే వదుల్తారు. ఆడు వదలడు.