ఖాళీ వాటా

మధ్యాహ్నం వాన పడుతోంది. కంప్యూటర్లో కొత్త సిస్టమ్ ఎక్కించేముందు కోడలు హార్డ్ డిస్క్‌ను భాగాలు చేస్తుంటే, అత్తగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“ఇదెవరిదే?” అంది, తెరమీది మొదటి భాగాన్ని చూపిస్తూ.

“సిస్టమ్‌ది అత్తయ్యా. ఇది మీ అబ్బాయి ఆఫీసుది, ఇది నా పాటలది.”

“చివర్న ఆ ఖాళీ?”

“మిగిలిపోయిందది. పక్కదాంట్లో కలిపేస్తా.”

“కలపకు. నాకియ్యి.”

“ఏం దాచుకుంటారు?”

“ఏమీ లేదు. ఊరికే ఖాళీగా ఉండనీ. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటా.”

కోడలు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

“పేరేం పెట్టను?”

“పిచ్చుక. పెళ్లికాకముందు నన్నందరూ అలాగే పిలిచేవాళ్లు. మళ్లీ సిస్టమ్ చెరిపినప్పుడు ఇదీ పోతుందా?”

“పోదత్తయ్యా. అది ఎన్నిసార్లు మార్చినా దీని జోలికి రాదు.”

“నా పెళ్లప్పుడే ఇలాంటిదొకటి చేసి ఉంచుకోవాల్సింది,” అంది అత్తగారు, తెరమీది ఆ ఖాళీని వేలితో నిమురుతూ.